మా అబ్బ వీపు

మొన్న శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి నన్ను జెద్దా సముద్రం ఒడ్డున ఒక హోటలుకు తీసుకెళ్ళింది. అక్కడ చేపలు బాగుంటాయట. చేపల సంగతి ఏమోగాని, మేం కూర్చున్న బల్లకు పదడుగుల దూరంలో నలుగురు వాయిద్యాలు పట్టుకుని నిలబడి ఉండటం చూసి నేను తినడం ఆపేశాను. వాళ్ళ ముందు తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన శాక్సఫోన్ ఊదుతున్నాడు. ఊదడం ఆపినప్పుడల్లా మా వైపు చూసి నవ్వుతున్నాడు. జనం ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటుంటే, ఏ పక్క బాగుంటుందో ఆ పక్కకు మొహం తిప్పి మరీ చూపిస్తున్నాడు. ఆయనే ఈ బ్యాండుకు లీడరని మా అమ్మాయి చెప్పింది. కాడని నేనన్నాను. నీకెలా తెలుసంది. లీడరైతే వీపు కనిపించాలి, ఈయనకు మొహం కనిపిస్తోంది కదా అన్నాను. మా అమ్మాయి ఇక్కడి ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. మనిషి ఏం మాట్లాడినా అందులో ఒక జబ్బు లక్షణం వెతకడం దానికి అలవాటైపోయింది. ఈ వయసులో ఇలాంటివి మామూలే అన్నట్టు నన్నోసారి చూసి, ముల్లు తీసిన చేపముక్క నా పళ్ళెంలో వేసింది.

దానికి చెప్పనిదేమిటంటే, నలభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, షరఫియాలో మేమున్న ఇంట్లో, ఒక బ్యాండు లీడరు ఉండేవాడు. అసలు సిసలైన డాన్సు బ్యాండు లీడరు. అప్పట్లో ఇక్కడ బజారులో వాయిద్యం చప్పుడనేది వినబడేది కాదు. ఇంట్లో క్యాసెట్టు పెట్టుకున్నా తలుపేసుకుని చిన్నగా పెట్టుకునేవాళ్ళం. బ్యాండు లీడరు వచ్చి కూర్చోవడానికి భూమ్మీద ఇంతకంటే పనికిరాని చోటు ఇంకొకటి దొరకలేదా అని మా నాయన నవ్వేవాడు. తీసుకొచ్చింది తనేనన్న సంగతి మాత్రం మరిచిపోయేవాడు.

ఆ లీడరు మా అబ్బ. మా గుంతకల్లు వైపు నాయనకు నాయన్ని అబ్బ అంటాం. పేరు హుసేనప్ప. మేం దూదేకులవాళ్ళం, నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. మా నాయన మస్తాన్ జెద్దా రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్కు. మా జేజి, అంటే నాయనమ్మ, పోయాక అబ్బను మక్కాకు ఉమ్రా యాత్రకని పిలిపించి, ఆ తర్వాత ఇక్కడ ఉండటానికి ఇకామా కార్డు కూడా చేయించి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నారు, కానీ ఇద్దరికీ మధ్య ఒక పాత తగువు ఉండేది. అబ్బ తాను బ్యాండు లీడరునని చెప్పేవాడు. నాయన నమ్మేవాడు కాదు. తగువంటే అంతే. ఇద్దరూ మెత్తటి మనుషులు కావడంతో అది ఎప్పుడూ తెగలేదు.

అబ్బకు ఒక పాడు అలవాటు ఉండేది. హాల్లో కుర్చీని గోడవైపు తిప్పుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కనిపించేది ఆయన తెల్ల బనీను, అందులోంచి పొడుచుకొచ్చిన రెండు భుజం ఎముకలు. మా అమ్మ ఖాజాబీకి ఇది పరువు సమస్య. కుర్చీని ఇటు తిప్పి పెట్టేది. ఆమె వంటింట్లోకి వెళ్ళీవెళ్ళగానే అది మళ్ళీ అటు తిరిగేది. అలా గోడను చూస్తూనే ఇంట్లో జరిగేదంతా చెప్పేవాడు. నాయన డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే, ఇంకా కింది అంతస్తులో ఉండగానే, ఈపొద్దు వాణ్ణి ఎవరో ఏదో అన్నారు, చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వెయ్యమ్మా అనేవాడు. అమ్మకు మోకాలు నొప్పని అమ్మ కంటే ముందు ఆయనకే తెలిసింది. నేను కింద బఖాలా కొట్లో పెరుగుడబ్బాతో పాటు చాక్లెట్టు కొనుక్కుని, మెట్ల మీదే తినేసి, మూతి తుడుచుకుని వచ్చినా దొరికిపోయేదాన్ని. తప్పు చేసిన కాలు గడప దగ్గర ఒక దెబ్బ వెనకబడుతుందట. గోడకేసి కూర్చుని సీఐడీ పని చేస్తున్నాడని అమ్మ సణిగేది, కానీ చక్కెర మాత్రం వేసేది.

శుక్రవారం పొద్దున మా ఇంట్లో ఉగ్గాని. ఊరినుంచి ఎవరు వస్తున్నా నాయన వాళ్ళ పెట్టెలో రెండు శేర్ల బొరుగులు కుక్కించేవాడు. ఆ పూట వంటింట్లో అమ్మ మాట చెల్లేది కాదు. బొరుగులు నీళ్ళలో ఎంతసేపుండాలో అబ్బ వేలితో గట్టు మీద తట్టి చెప్పేవాడు. నాలుగేసి దెబ్బలు రెండుసార్లు. ఆ లెక్క దాటితే ముద్ద, దాటకపోతే గులకరాళ్ళు. తిరగమోతలో పచ్చిమిరపకాయలు వేగే ఘాటు, పుట్నాలపొడి కమ్మదనం, కిటికీలో ఏసీ వదిలే తడి ఇనుము వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు జెద్దా. ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో చల్లగాలి ఎటునుంచి వస్తుందో కూడా తెలియదు. ఏ వాసనా లేదు. ఫోము పరుపుల మీద కూడా అబ్బకు చాలా కోపం. ఏకిన దూదిని ఎండలో వేస్తే దానికి ఒక వాసన పుడుతుందని, ఫోముకు పుట్టుకా లేదు చావూ లేదని అనేవాడు. ఊరినుంచి తెచ్చుకున్న దూది దిండును నెలకోసారి విప్పి, వేళ్ళతో విడదీసి, మళ్ళీ కుట్టేవాడు. ఆ రోజు ఇల్లంతా దూది ఎగిరి కూరలో కూడా పడేది.

దూదేకే వింటి దగ్గరే తనకు తాళం పట్టుబడిందని ఆయన చెప్పేవాడు. వాళ్ళ నాయన పగలు దూది ఏకి, పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదేవాడు. అబ్బకు క్లారినెట్టు, ఆ తర్వాత శాక్సఫోను వచ్చాయి. గుంతకల్లు అంటే రైళ్ళ ఊరు కదా, రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకూ గార్డులకూ ఒక క్లబ్బు ఉండేది, అందులో నున్నటి చెక్క నేల, శనివారం శనివారం డాన్సు. అక్కడి బ్యాండు లీడరు ఉన్నట్టుండి బొంబాయి రైలెక్కి వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళలో తాగనివాడు ఒక్కడే కాబట్టి తనను నిలబెట్టారట. మొత్తం ఆరుగురు. డ్రమ్ములకు లోకోషెడ్డులో బొగ్గు వేసే ఫైర్‌మన్. పారతో వేసినట్టే వాయించేవాడట. కొత్తగా గ్రామఫోను రికార్డుల్లో వచ్చిన అమెరికా పాటలను రెండుసార్లు విని మూడోసారికి పట్టేసేవాళ్ళట. అబ్బను అక్కడ హుస్సీ మాస్టర్ అనేవాళ్ళు. ఆయన ప్రకారం బళ్ళారి నుంచి కూడా జనం రైలెక్కి వచ్చేవాళ్ళు. ఆ రైలు డ్రైవరు కూడా డాన్సుకే వచ్చేవాడని, అందుకే శనివారాలు అది ఆలస్యం కాలేదని ఇంకో మాట కలిపేవాడు.

డాన్సు బ్యాండులో లీడరు వాయించేవాళ్ళకు ఎదురుగా, ఆడేవాళ్ళకు వీపు పెట్టి నిలబడతాడు. మరి వెనక ఎవరు అలిసిపోయారో, ఎవరు తప్పటడుగు వేస్తున్నారో ఎలా తెలుస్తుందని అడిగాను. "మొగం నవ్వుతానే అబద్ధం సెప్తాది పాపా. కాళ్ళకు అది సేతగాదు" అన్నాడు. చెక్క మీద చెప్పుల ఒరిపిడి వింటూ పాటను నెమ్మది చేసేవాడు, తోలేవాడు. వెనక్కి తిరిగితే ఇక్కడ బ్యాండు చెదిరిపోతుంది కాబట్టి, ఆడేవాళ్ళకు చెప్పాల్సింది ఎడమచేత్తో చెప్పేవాడు. చెయ్యి నడుం మీదుగా వెనక్కి పెట్టి రెండు వేళ్ళు చాపితే ఇంకా రెండు పాటలున్నాయని. పిడికిలి మూస్తే ఇదే ఆఖరిదని.

ఇంత గొప్ప లీడరుకు సాక్ష్యం ఏమిటయ్యా అంటే ఒకే ఒక్క ఫొటో. అందులో ఐదుగురి మొహాలు చక్కగా ఉన్నాయి. ఆరోవాడిది వీపు. నల్లకోటు వీపు, దాని మీద రెండు వేళ్ళు. మా నాయన ఆ ఫొటోను వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఇదిగో మా నాయన వీపు గోక్కుంటున్నాడు అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేదాన్ని. అబ్బ కూడా నవ్వేవాడు, గోడవైపు తిరిగి.

నాయనను అనడానికీ లేదు. ఆయన పుట్టేసరికే దొరలు వెళ్ళిపోయారు, వాళ్ళ వెంట కాలనీలో సగంమంది ఆస్ట్రేలియా ఓడ ఎక్కారు, క్లబ్బు మూతబడింది. అబ్బ మళ్ళీ విల్లు పట్టుకుని, పెళ్ళి ఊరేగింపుల్లో వాయించడానికి కుదిరాడు. డాన్సు బ్యాండువాళ్ళు కుర్చీల్లో కూర్చుని వాయిస్తారు. నడుస్తూ వాయించడం వాళ్ళకు తెలియదు. ఒక పెళ్ళిలో అబ్బ మేళాన్ని తన డాన్సు వేగంతో నడిపించాడు. ఆ వేగానికి మేళం ఉరికింది, మేళం వెనక పెళ్ళికొడుకు గుర్రం ఉరికింది, గుర్రం వెనక పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టుకుని ఉరికారు. అందరూ కలిసి గంట ముందే ఆడపెళ్ళివాళ్ళ ఇంట్లో పడితే, అక్కడ పెళ్ళికూతురి నాయన బావి దగ్గర ఒంటినిండా సబ్బుతో ఉన్నాడట. బజారంతా నెల రోజులు నవ్వింది. బడిలో పిల్లలు మా నాయన్ను చూసి ఉరికి చూపించేవాళ్ళు. ఏడేళ్ళవాడు. ఆయనకు తెలిసిన బ్యాండు లీడరు ఆ ఒక్కడే. క్లబ్బు, నల్లకోటు, బళ్ళారి నుంచి వచ్చే జనం, అవన్నీ ఆ అవమానం మీద అబ్బ కప్పుకున్న దుప్పటి అనుకునేవాడు. అబ్బకు మక్కా చూడాలన్న కోరిక తీరింది, కడుపుకు లోటు లేదు. ఇక కావలసింది ఒక్కటే, కొడుకు నమ్మాలి. ఆ మాట ఎప్పుడూ బయటికి అనలేదు గాని, ఫొటో చేతులు మారుతున్నప్పుడల్లా ఆయన మెడ ఎలా బిగుసుకునేదో వెనకనుంచి చూసే నాకు తెలుసు.

ఒక ఏడు అబ్బకు కంట్లో పొర తీయించడానికి ఆస్పత్రిలో చేర్చాం. అక్కడి పెద్ద నర్సు గ్లాడిస్ అని, యాభై దాటిన మనిషి, గౌను మీద గడియారం పిన్నుతో పెట్టుకుని తిరిగేది. కాగితంలో గుంతకల్లు అని చూసి సంబరంగా మా మీద తెలుగులో విరుచుకుపడింది. వాళ్ళ నాయన మెయిలు డ్రైవరు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ రైల్వే కాలనీలోనే. పదిహేడేళ్ళప్పుడు ఆ క్లబ్బులో డాన్సులు కూడా చేసిందట. ఆ మాట వినగానే నాయన మొహం మారిపోయింది. ఎగతాళి చేశాడు గాని, ఆయనకు కూడా తేల్చుకోవాలనే ఉందని నాకు అప్పుడే అర్థమైంది. కట్టు విప్పే రోజున అమ్మను, నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. అబ్బ నా దగ్గర దువ్వెన అడిగి తల దువ్వుకుని, మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. సిస్టర్, ఈయన అప్పుడు మీ క్లబ్బులో బ్యాండు లీడరంట, గుర్తున్నాడా అని నాయన అడిగాడు.

ఆమె కళ్ళద్దాలు తీసి చూసింది. పెట్టుకుని చూసింది. గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది.

"లేదు మస్తాన్. ఈ మొగం నేను ఎప్పుడూ సూడలేదు. నీ కోసం అబద్ధం సెప్పమంటావా?"

నాయన అప్పుడైనా నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. అబ్బ భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా, ఇంగ ఆ మాట వదిలేద్దాం" అన్నాడు, పడిపోయిన పిల్లాణ్ణి లేపినట్టు. ఆ జాలి నాకు గిట్టలేదు. అంత మంచి నాయన మీద నాకు అంత కోపం ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. అబ్బ మెల్లగా మంచం దిగి, చెప్పులు వేసుకుని, మా అందరికీ వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వంగిపోయిన నడుం ఒక్కో పూసా లేచింది. కుడిచెయ్యి గాల్లోకి ఎత్తాడు. ఎడమచెయ్యి నడుం వెనక్కి తెచ్చి పిడికిలి మూశాడు.

గ్లాడిస్ సిస్టర్ చేతిలోని కాగితాల అట్ట మంచం మీద పడేసింది. "హుస్సీ మాస్టర్" అంది. నాయన వైపు తిరిగి, టైము దాటి ఇంటికి పోతే మా డాడీ బెల్టు తీసేవాడు మస్తాన్, శనివారం అంతా నా కళ్ళు ఆ పిడికిలి మీదే, అని చెప్పింది. ఆయన మొహం ఎవరు చూశారు, ఎవరికి కావాలి, అందరం ఆ వీపునే చూసేవాళ్ళం అంది. అబ్బ ఇటు తిరగలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనకనుంచి చెప్పగలిగే విద్య మాలో ఎవరికీ లేదు.

నర్సులను వారానికోసారి ఆస్పత్రి బస్సు షరఫియా బజారులో దింపి, రెండు గంటల తర్వాత ఎక్కించుకుని వెళ్ళేది. ఆ శుక్రవారం ఆ రెండు గంటలూ ఆమె మా ఇంట్లో గడిపింది. అమ్మ కోడికూర చేసింది, పొద్దుటి ఉగ్గాని కూడా దాచిపెట్టింది. భోజనమయ్యాక ఆమె చెప్పులు వదిలి, ఈ పిల్లకు మా కాలనీ డాన్సు నడక నేర్పిస్తానని నా రెండు చేతులూ పట్టుకుంది. అబ్బ గోడవైపు తిరిగి నిలబడి, గంటెతో స్టీలు మూత మీద కొడుతూ నోటితో పాట అందుకున్నాడు. కానీ కిటికీలో ఏసీ లారీలాగా అరుస్తోంది. ఆయనకు మా అడుగులు వినబడటం లేదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆపేశాడు. అప్పుడు గడపలో నిలబడి ఉన్న నాయన నేరుగా వెళ్ళి ఏసీ ఆపేశాడు. జెద్దాలో, నడి ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండు గంటలకు.

నాకు అడుగులు రావు. నేను తడబడిన ప్రతిసారీ మూత మీద దెబ్బ నా కోసం కొంచెం ఆగేది. సిస్టర్‌కు ఆయాసం వచ్చేసరికి పాట దానంతటది నెమ్మదించింది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నా జన్మలో నేను డాన్సు చేసింది ఆ ఒక్కసారే. సినిమాల్లో చూసినంత గొప్పగా ఏమీ లేదు, కాలు బెణికింది కూడా. కానీ వెనక్కి తిరిగి చూడకుండానే ఒక మనిషి నా కాలి కోసం ఆగడమంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మళ్ళీ అంత భరోసా ఎవరి దగ్గరా దొరకలేదు, మా ఇంటాయన దగ్గర కూడా, ఆయన ఇది చదివితే చదవనీ. నాయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అబ్బ పిడికిలి మూసేదాకా ఆయన అక్కడినుంచి కదలలేదు.

అబ్బ ఆ మరుసటి ఏడు ఇక్కడే పోయాడు. ఇప్పుడు షరఫియాలో మేమున్న బిల్డింగు కింద ఫోన్ల దుకాణం పెట్టారు. మొన్న వెళ్ళి చూశాను, లోపల పాట గట్టిగానే మోగుతోంది, ఎవరూ తల తిప్పి చూడటం లేదు. మంచిదే. అబ్బ ఇంకో నలభై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆ సముద్రం ఒడ్డు హోటల్లో ఉద్యోగం దొరికేది. ఫొటోల కోసం ఇటు తిరగమనేవాళ్ళు. ఆయన తిరిగేవాడు కాదు. వారంలో ఆ ఉద్యోగం పోయేది.

ఇక మా నాయన. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. ఆస్పత్రి సంగతి జరిగిన వారానికే రేవులో అందరికీ తెలిసింది, మస్తాన్ వాళ్ళ నాయన పెద్ద బ్యాండు లీడరని. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్‌కు కూడా హిందీ, అరబ్బీ కలిపి చెప్పాడట. ఆరుగురి బ్యాండు ఆ ఏడే పదిమందైంది. మేం గుంతకల్లు తిరిగి వచ్చేసరికి ఇరవైమంది అయ్యారు, బళ్ళారి జనం కాస్తా మద్రాసు నుంచి రావడం మొదలుపెట్టారు. పెళ్ళి ఊరేగింపు కథను కూడా ఆయనే చెప్పేవాడు, గుర్రాన్ని ఉరికించిన బ్యాండు ఇంకెక్కడైనా ఉందా అని. అబ్బ చెప్పినప్పుడు కోతలని నవ్వినవాడు, అబ్బకు చేతకానన్ని కోతలు కోశాడు.

పోయిన ఏడు నాయన ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, పొద్దున చూడటానికి వచ్చిన కుర్ర డాక్టరు చెయ్యి పట్టుకుని ఆ కథంతా చెప్పాడు. చివర్లో కొత్త ముక్క ఒకటి చేర్చాడు. చిన్నప్పుడు శనివారం శనివారం తాను క్లబ్బు మెట్ల మీద కూర్చుని ఆ బ్యాండు చెవులారా విన్నానని. ఆయన పుట్టడానికి రెండేళ్ళ ముందే ఆ క్లబ్బుకు తాళం పడింది. నేను అమ్మ వైపు చూశాను. యాభై ఏళ్ళ కాపురంలో అమ్మ ఆయన మాట ఒక్కటి కూడా సరిచేయకుండా వదిలింది లేదు. టమాటాల ధర దగ్గర కూడా వదలదు. డాక్టరు మర్యాదకు, నిజమా అమ్మా అని అడిగాడు. అమ్మ నాయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"నిజమే నాయనా," అంది. "ఆపొద్దు విన్న పాటలు ఇంటికొచ్చి పాడుకునేటోడంట. మా అత్త సెప్పింది నాకు."